వీసా వార్త చూసి నవ్విన అన్నకు జవాబు

 

పోస్టు కొంచెం పొడుగు ఉంటది. మెస్ లైన్‌లో నిలబడి కాదు, తిన్నాక తీరిగ్గా చదవండి. తిట్టాలనుకుంటే చివరిదాకా చదివి తిట్టండి.

2025 సెప్టెంబర్ 19న ట్రంప్ ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. హెచ్1బీ వీసాకి కొత్తగా దరఖాస్తు పెట్టాలంటే లక్ష డాలర్లు. మన లెక్కలో దాదాపు 88 లక్షలు. ఇక్కడ తెల్లారేసరికి మా హాస్టల్ కామన్ హాల్ టీవీలో అదే వార్త, పడుకునే దాకా అదే వార్త. పాతవాళ్ళకి వర్తించదు, కొత్త దరఖాస్తులకే అని తర్వాత వివరణ వచ్చింది గానీ అప్పటికే ఛానళ్ళలో ఏడుపులు అయిపోయాయి. ఆ రాత్రి మన గ్రూపులో ఒక అన్న రాశాడు: "బాగా అయింది. ఎవరి పిల్లలు పోతారో మనకు తెల్వదా? ఇన్నాళ్ళు డాలర్లు పంపి ప్లాట్లు కొన్నారు. ఇప్పుడు తెలుస్తది మన బాధ." కింద నవ్వుల బొమ్మలే బొమ్మలు. వాటిల్లో నాది కూడా ఉంది. రెండు రోజుల తర్వాత తీసేశా. ఎందుకు తీసేశానో చెప్పడానికే ఈ పోస్టు.

అదే కామెంట్ కింద ఇంకో అన్న రాసింది కూడా మర్చిపోలేదు: "అమెరికా గొడవ మనకెందుకు తమ్ముడూ, డీఎస్సీకి చదువుకోండి." ఈయనకి జవాబు కింద ఉంటది, డీఎస్సీ గురించే.

నేను చర్ల వైపు కోయ పిల్లని. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని. నాన్న పోడు చేస్తాడు, అమ్మ ఎండాకాలం తునికాకుకి పోతది. ఇంటర్‌కి సికింద్రాబాద్ వచ్చా, ఇప్పుడు డిగ్రీలో పొలిటికల్ సైన్స్. నాకు అమెరికాలో చుట్టాలు లేరు, వీసా లేదు, పాస్‌పోర్టు కూడా లేదు. కాబట్టి నేను ఎవరి తరఫునో ఏడవడానికి రాయట్లేదు.

ముందు నవ్విన అన్నకి.

అన్నా, 2017 ఫిబ్రవరి 22 గుర్తుందా? ట్రంప్ మొదటిసారి గద్దె ఎక్కి నెల రోజులు. కాన్సాస్ రాష్ట్రంలో ఒలేతే అనే ఊళ్ళో, ఒక బార్‌లో కూర్చున్న మన హైదరాబాద్ ఇంజినీర్ శ్రీనివాస్ కూచిభొట్లని ఒకడు తుపాకీతో కాల్చి చంపాడు. నా దేశంలోంచి పొండి అని అరిచాడని అక్కడున్నవాళ్ళు చెప్పారు. మన టీవీలు వారం రోజులు చూపించాయి. చూపించాల్సిందే, చచ్చిపోయింది మనిషి. కానీ ఒక్క ఛానల్ కూడా చెప్పని సంగతి ఒకటి ఉంది. ఒలేతే అనేది షానీ భాష మాట. అందమైనది అని అర్థం. కాన్సాస్ అనేది కాన్సా అనే ఆదివాసీ జాతి పేరు. ఆ జాతిని 1873లో అక్కడినుంచి లేపి ఇప్పటి ఓక్లహోమాకి తోలేశారు. అంటే ఆదివాసుల పేరు పెట్టుకున్న రాష్ట్రంలో, ఆదివాసీ మాట పేరైన ఊళ్ళో, ఒక వలస వచ్చినోళ్ళ వంశపోడు ఇంకో వలస వచ్చినాయన్ని పట్టుకుని నా దేశం అన్నాడు. అసలు ఇంటోళ్ళు ఆ కథలోనే లేరు.

సరే, వాళ్ళలో వాళ్ళు కొట్టుకుంటే మనకేం అంటావా? ఇంకోటి విను. 2025 జనవరిలో ట్రంప్ రెండోసారి వచ్చి వలసదారుల వేట మొదలుపెట్టాడు. మొదటి వారంలోనే అరిజోనా, న్యూమెక్సికోల్లో తమ మనుషులనే ఆపి కాగితాలు అడుగుతున్నారని నవాహో నేషన్ నాయకులు బయటపెట్టారు. నవాహోలు! ఆ నేలకి వాళ్ళకంటే ముందున్నోళ్ళెవరు? వాళ్ళని పట్టుకుని నువ్వు ఎక్కడినుంచి వచ్చావు అని అడగడం. బయటోళ్ళని తరిమే బండి రోడ్డెక్కితే అది రంగు చూసి ఆపుతది గానీ చరిత్ర చదివి ఆపదు. మనం నవ్వుకుంటూ రోడ్డు పక్కన నిలబడితే మనల్ని కూడా ఎక్కిస్తది. ఛత్తీస్‌గఢ్ నుంచి మన అడవుల్లోకి వచ్చిన గుత్తికోయల్ని ఇక్కడ ఏమంటున్నారో నీకు తెల్వదా? వలసొచ్చినోళ్ళు, మీకు పట్టా లేదు, పత్రం లేదు అనే గదా. ఆ మాట అనేటప్పుడు మనలో కొందరు కూడా గొంతు కలుపుతున్నారు. సిగ్గుపడాల్సింది.

అందుకే ఆ నవ్వు బొమ్మ తీసేశా.

ఇప్పుడు టీవీల సంగతి. సికింద్రాబాద్‌లో ఉండేవాళ్ళకి తెలుసు, బేగంపేటలో పైగా ప్యాలెస్ ఉంది. 2008 నుంచి 2023 మార్చి దాకా అమెరికా కాన్సులేట్ అక్కడే. నేను వచ్చిన కొత్తలో బస్సులోంచి చూసేదాన్ని, ఫైళ్ళు చంకలో పెట్టుకుని, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని లైన్లో జనం. తర్వాత నానక్‌రామ్‌గూడకి మారింది. తెలుగోళ్ళకి అమెరికా అంటే ఆ లైనే. ఎవరు గెలిచినా మన ఛానళ్ళు అడిగేది ఒకటే ప్రశ్న, వీసాలు పెరుగుతాయా తగ్గుతాయా. ఉషా వాన్స్ భర్త ఉపాధ్యక్షుడైతే ఆమె పెద్దల ఊరు వడ్లూరు అని కెమెరాలు పట్టుకుని గోదావరి జిల్లాకి పరిగెత్తారు. అదే గోదావరికి ఎగువన ఊళ్ళకి ఊళ్ళే ముంపులో పోతున్నాయి, అక్కడికి ఏ కెమెరా పోయింది?

2017 నవంబర్ 28న ట్రంప్ కూతురు ఇవాంకా హైదరాబాద్ వచ్చింది. పారిశ్రామికవేత్తల సదస్సు, ఫలక్‌నుమాలో విందు. ఆమె రాకముందే నవంబర్ 8 నుంచి రెండు నెలలు జంట నగరాల్లో బిచ్చమెత్తడం నిషేధం అని పోలీసు ఉత్తర్వు వచ్చింది. రోడ్ల మీది బిచ్చగాళ్ళని తీసుకుపోయి జైళ్ళ దగ్గరి ఆశ్రమాల్లో పెట్టారు. అప్పుడు నేను ఆశ్రమ పాఠశాలలో చిన్నపిల్లని. టీవీలో మెరిసే రోడ్లు చూసి సంబరపడ్డా. ఈ మధ్య చదివితే తెలిసింది, ఆమె ఇక్కడ దిగడానికి సరిగ్గా ఒక రోజు ముందు, నవంబర్ 27న, వాళ్ళ నాన్న వైట్ హౌస్‌లో ముసలి నవాహో సైనికుల్ని సన్మానించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో తమ భాషనే రహస్య సంకేతంగా వాడి అమెరికాని గెలిపించినవాళ్ళు. వాళ్ళని నిలబెట్టింది ఆండ్రూ జాక్సన్ బొమ్మ కింద. 1830లో ఆదివాసుల్ని తరిమే చట్టం తెచ్చిన అధ్యక్షుడు ఆయనే. ఆ సభలోనే తనకి పడని ఒక సెనేటర్‌ని ఎగతాళి చేయడానికి పోకహాంటస్ అన్నాడు. అది ఒక ఆదివాసీ ఆడపిల్ల పేరు. మన ఛానళ్ళకి ఆ రోజు ఇవాంకా ఏం తింటది అనేదే వార్త. (అదే నవంబర్, డిసెంబర్లలో ఉట్నూరు వైపు మన మధ్య ఏం జరిగిందో ఈ గ్రూపులో అందరికీ తెలుసు. ఆ పుండు ఇప్పుడు కెలకను.)

ఇక అసలు విషయానికి వస్తా.

నార్త్ డకోటాలో స్టాండింగ్ రాక్ అని సూ జాతి వాళ్ళ రిజర్వేషన్ ఉంది. వాళ్ళ ఊళ్ళకి కాస్త ఎగువన, మిస్సోరీ నది కిందనుంచి చమురు పైపులైన్ వేయాలన్నారు. దాని పేరు డకోటా యాక్సెస్, పొడవు 1,900 కిలోమీటర్ల దాకా. మొదట బిస్మార్క్ అనే పట్టణానికి పైన నది దాటించాలని ఒక ఆలోచన ఉండేది. పట్టణం తాగునీళ్ళకి ప్రమాదం అనేది కూడా ఒక కారణంగా పెట్టి ఆ దారి వదిలేశారు. సూ వాళ్ళ తాగునీళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రమాదం ఎవరికీ కనపడలేదు. 2016లో వాళ్ళు నది ఒడ్డున గుడారాలు వేశారు. వందల జాతుల జెండాలు వచ్చాయి. నవంబర్‌లో గడ్డకట్టే చలి రాత్రి వాళ్ళ మీద నీళ్ళ ఫిరంగులు కొట్టారు. అప్పుడు గద్దె మీద ఉన్నది ఒబామా, గుర్తుపెట్టుకోండి. డిసెంబర్ 4న అనుమతి ఇవ్వం అని సైన్యం చెప్పింది. గుడారాల్లో ఏడ్చి నవ్వారు. 2017 జనవరి 24న, గద్దె ఎక్కిన నాలుగో రోజు, ట్రంప్ దాన్ని త్వరగా కానివ్వండి అని కాగితం మీద సంతకం పెట్టాడు. ఫిబ్రవరి 8న అనుమతి వచ్చింది. అదే నెలాఖరుకి గుడారాలు పీకేశారు. జూన్ 1 నుంచి చమురు పారుతోంది. 2020లో ఒక జడ్జి పర్యావరణ పరిశీలన సరిగా చేయలేదు, ఆపండి అన్నాడు. పై కోర్టు ఆపనివ్వలేదు. తర్వాత బైడెన్ వచ్చాడు, అతను కూడా ఆపలేదు.

ఇందులో నన్ను నిద్రపోనివ్వని ముక్క ఒకటి ఉంది. ఆ పైపు ఏ నీళ్ళ కిందనుంచి పోతుందో దాని పేరు ఓహే సరస్సు. అది దేవుడిచ్చిన సరస్సు కాదు. ఓహే డ్యామ్ కట్టి నిలబెట్టిన నీళ్ళు. ఆ డ్యామ్ కట్టినప్పుడు స్టాండింగ్ రాక్ వాళ్ళ నది ఒడ్డు ఊళ్ళు, చెట్లు, సారమున్న భూములు వేల ఎకరాలు మునిగిపోయాయి. ముందు నీళ్ళతో ముంచారు, తర్వాత ఆ నీళ్ళ కింద చమురు తోలారు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. మా మేనత్తది కూనవరం మండలం, శబరి గోదావరిలో కలిసే చోటు. 2014 మే 29న, తెలంగాణ పుట్టడానికి నాలుగు రోజుల ముందు, పోలవరం కోసం ఖమ్మం జిల్లా ఏడు మండలాల్లోని ఊళ్ళని ఆంధ్రప్రదేశ్‌లో కలుపుతూ ఆర్డినెన్స్ మీద సంతకం పడింది. కొత్త ప్రభుత్వం ఢిల్లీలో గద్దె ఎక్కి మూడు రోజులు. అక్కడ నాలుగో రోజు, ఇక్కడ మూడో రోజు. తెలంగాణ అసెంబ్లీ అనేది అప్పటికి లేనే లేదు. జూలైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. మా అత్త అన్నం వండి పడుకుని లేచేసరికి రాష్ట్రం మారింది. వాళ్ళ ఊళ్ళో ఎవర్నీ ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఐదో షెడ్యూల్ ఉంది, పెసా చట్టం 1996 నుంచి ఉంది, గ్రామసభ ఉంది. అన్నీ ఉన్నాయి, పుస్తకంలో. పోలవరంలో కదలాల్సిన కుటుంబాలు లక్షకు పైన, వాటిల్లో సగానికి పైగా ఆదివాసులవి. దాన్ని జాతీయ ప్రాజెక్టు అని విభజన చట్టంలో రాసింది ఒక పార్టీ, మండలాలు కలిపింది ఇంకో పార్టీ, కావాలని పట్టుబట్టింది మరో పార్టీ, బందు పిలిచి తర్వాత చప్పబడింది ఇంకో పార్టీ. ఒబామా, ట్రంప్, బైడెన్ అని మూడు పేర్లు ఉన్నట్టే.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు వచ్చింది. మా అత్త వాళ్ళు గుట్టెక్కి టార్పాలిన్ కింద ఉన్నారు. ఆస్పత్రికి దగ్గర భద్రాచలం, చేతిలో కార్డు అవతలి రాష్ట్రానిది. స్టాండింగ్ రాక్ కోసం ఫేస్‌బుక్‌లో పది లక్షల మందికి పైగా నేనూ అక్కడే ఉన్నా అని చెక్ ఇన్ పెట్టారంట. కూనవరంలో ఉన్నా అని ఎంతమంది పెట్టారు? మన గ్రూపులోనే ఆ వారం ఎక్కువ తిరిగింది భద్రాచలం బ్రిడ్జి మీద సెల్ఫీలు. నేను పరాయోళ్ళని అనట్లేదు, మనల్ని అంటున్నా.

ఇప్పుడు డీఎస్సీకి చదువుకోమన్న అన్నకి.

అన్నా, నువ్వు ఏ డీఎస్సీకి చదువుతున్నావో అందులో మన పోస్టులు ఎక్కడికి పోయాయో తెలుసా? 2000 జనవరి 10 నాటి జీవో 3. షెడ్యూల్డ్ ప్రాంతాల బళ్ళలో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే. 2020 ఏప్రిల్ 22న, లాక్‌డౌన్‌లో మనమంతా ఊళ్ళల్లో ఇరుక్కున్నప్పుడు, సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదు, గవర్నర్‌కి ఐదో షెడ్యూల్ ఇచ్చిన అధికారం ప్రాథమిక హక్కుల్ని దాటిపోదు అంది. ఉన్న ఉద్యోగాలు తీసేయలేదు, ఇకమీదట మళ్ళీ ఇట్లాంటిది తేవద్దని షరతు పెట్టింది. అంతవరకైతే న్యాయశాస్త్రం అనుకుందాం. ఆదివాసులకి ఆదివాసులే పాఠం చెప్పాలనడం ఏవగింపు కలిగించే ఆలోచన అనే అర్థం వచ్చే మాట కూడా ఆ తీర్పులో ఉంది.

నేను ఒకటో తరగతిలో చేరినప్పుడు నాకు తెలుగు రాదు. ఇంట్లో కోయే. ముందున్న సారు మైదానం నుంచి వచ్చేవాడు, మంచోడే, కొట్టేవాడు కాదు. కానీ ఆయన ఏం అంటున్నాడో నాకు, నేను ఏం అంటున్నానో ఆయనకి తెల్వదు. నేను మొద్దు అని ఆయనా అనుకున్నాడు, నేనూ అనుకున్నా. రెండో ఏడు ఒక కోయ సారు వచ్చాడు. తీసివేత లెక్కని కోయలో చెప్పాడు, ఇప్పపూల బుట్టలోంచి పూలు తీసి. ఆ రోజు నాకు లెక్క వచ్చింది. ఆ సారు ఉద్యోగం జీవో 3తో వచ్చిందే. అది ఏవగింపు ఆలోచన అయితే నేను డిగ్రీ చదవడం కూడా ఏవగింపే.

అదే 2020లో, మూడు నెలలు కూడా తిరక్కుండా, జూలై 9న అమెరికా సుప్రీంకోర్టు మెక్‌గర్ట్ కేసులో తీర్పు ఇచ్చింది. కేసు వేసినాయన మంచోడేం కాదు, పసిపిల్ల మీద అఘాయిత్యం చేసి శిక్ష పడ్డోడు, తర్వాత ఫెడరల్ కోర్టులో మళ్ళీ విచారించారు. ఆ మనిషిని వదిలేయండి, ప్రశ్న చూడండి. 1830ల్లో క్రీక్ జాతిని వాళ్ళ నేల నుంచి తరిమి, ఇదిగో ఈ పడమటి నేల మీకు శాశ్వతం అని ఒప్పందం రాసిచ్చారు. తర్వాత ఆ నేల కూడా ముక్కలు చేశారు, తెల్లోళ్ళు వచ్చారు, చమురు దొరికింది, టల్సా అనే పెద్ద నగరం వెలిసింది. ఇన్నేళ్ళయింది, ఇంతమంది ఉన్నారు, ఇంకా రిజర్వేషన్ ఏంది అని ఓక్లహోమా రాష్ట్రం వాదించింది. అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. తీర్పు రాసింది గోర్సచ్, ట్రంప్ పెట్టిన జడ్జే. పార్లమెంటు రద్దు చేస్తే తప్ప ఆ రిజర్వేషన్ రద్దు కాదు, ఏళ్ళ తరబడి ఎంతమంది చట్టాన్ని తొక్కినా తొక్కినంత మాత్రాన చట్టం చావదు అన్నాడు. ఆ తర్వాత అక్కడి రాష్ట్ర కోర్టు చెరోకీ, చోక్టా, చికసా, సెమినోల్ జాతులకీ అదే వర్తిస్తదని చెప్పింది.

మన 1/70 చట్టం గుర్తొచ్చిందా? భద్రాచలం మెయిన్ రోడ్డు మీద నిలబడి చూడండి, ఎన్ని అంతస్తుల బిల్డింగులు, ఎవరివి? అడిగితే ఏమంటారు? ఎప్పటినుంచో ఉన్నాం, ఇంత పట్టణం అయింది, ఇంకా 1/70 ఏంది అంటారు. అచ్చం ఓక్లహోమా వాదనే. దానికి జవాబు ఒక కోర్టులో, ఒక తీర్పులో రాసి ఉంది. పరాయి దేశం తీర్పు మన కోర్టుని కట్టిపడేయదు, నాకు తెలుసు. కానీ వాదన వాదనే. మన వైపు 1997 సమత తీర్పు ఎట్లాగూ ఉంది. మనలో ఎంతమంది దాన్ని పేరు చెప్పడం కాకుండా తెరిచి చదివారు?

అమెరికాలో కూడా ఆ గెలుపు అట్లనే నిలవలేదు. 2020లోనే ఒక జడ్జి చనిపోయింది, ట్రంప్ కొత్త జడ్జిని పెట్టాడు, 2022 జూన్ 29న అదే కోర్టు 5-4తోనే మెక్‌గర్ట్‌కి కోత పెట్టింది. ఆదివాసుల మీద బయటోళ్ళు నేరం చేస్తే కేసు రాష్ట్రం కూడా నడపొచ్చు అంది. గోర్సచ్ ఈసారి ఓడిన నలుగురిలో ఉన్నాడు. ఒక్క కుర్చీ మారింది, లెక్క మారింది. కుర్చీలో ఎవరు కూర్చుంటారు అనేది ఎన్నికల్లో తేలుతది. అందుకే అమెరికా ఎన్నికలు మనకెందుకు అనే ప్రశ్న నాకు అర్థం కాదు. మన కుర్చీల్లోకి ఎవరు వస్తున్నారో మనం లెక్కపెడుతున్నామా అని అడగండి.

ఓడిపోయిన కథలే చెప్తున్నా అనుకోకండి. 2017 డిసెంబర్‌లో ట్రంప్ యూటాలో బేర్స్ ఇయర్స్ అనే ఆదివాసుల పవిత్ర భూమి రక్షణని దాదాపు 85 శాతం కోసేశాడు. ఆ చుట్టుపక్కల యురేనియం ఉంది. ఆదివాసీ జాతులు కోర్టుకెక్కాయి, 2021లో బైడెన్ తిరిగి ఇచ్చాడు. 2019లో మన నల్లమలలో, అమ్రాబాద్ పులుల అడవిలో 83 చదరపు కిలోమీటర్లు యురేనియం కోసం తవ్వి చూస్తామన్నారు. చెంచులు అడ్డం నిలబడ్డారు, పట్నం కూడా కదిలింది, సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. ఆగింది. ఆ తీర్మానం కూడా కాగితమే, ఇంకో కాగితం దాని మీద పడకుండా చూసుకునే పని మనది.

ఇంకొక్కటి చెప్పి ఆపుతా. అమెరికాలో ఆదివాసులందరికీ పౌరసత్వం ఇచ్చింది 1924 జూన్ 2న. మన్యంలో అల్లూరిని కాల్చి చంపి అప్పటికి నెల కూడా కాలేదు. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి ఏ పుస్తకంలోనూ నాకు ఎవరూ చెప్పలేదు. నోట్‌బుక్‌లో నేనే రాసుకున్నా.

నవ్విన అన్నా, కోపం రాలేదనుకుంటా. డీఎస్సీ అన్నా, నువ్వు చదువు, నేను కూడా రాస్తా. కానీ వచ్చే ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక మా హాస్టల్ కామన్ హాల్‌లో టీవీ ఆపేసి జీవో 3 తీర్పు చదువుదామని పదకొండు మందిమి అనుకున్నాం. వార్డెన్ మేడం సరే అన్నారు. తీర్పు ఇంగ్లీషులో ఉంది, చాలా పేజీలు, మాకు సగం అర్థం కావట్లేదు. లా చదివే అన్నలు, అక్కలు సికింద్రాబాద్, తార్నాక వైపు ఎవరైనా ఉంటే వచ్చి మాకు తెలుగులో చెప్పండి. కోయలో, గోండిలో, లంబాడీలో చెప్పగలిగితే ఇంకా మంచిది. ప్రింట్లకి తలా ఇరవై వేసుకుంటున్నాం. 1/70 మీద ఎవరి దగ్గరన్నా తెలుగు పుస్తకం ఉంటే కామెంట్‌లో పెట్టండి, నేనే వచ్చి తీసుకుంటా.